పిల్లలతో బొమ్మలు చూడటానికి ఏది మేలు: సాలార్ జంగా, చిన్న గ్యాలరీయా?

హైదరాబాద్‌లో ఏ మెంటరింగ్ గ్రూపులోనైనా ఆర్ట్ చూపించడానికి అవుటింగ్ అనుకోగానే ముందుగా వచ్చే పేరు సాలార్ జంగ్ మ్యూజియం. అది తప్పని అనను. కానీ తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల్ని, వారం వారం వాళ్లతో కూర్చునే అన్నలు, అక్కలు వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు ఆ చోటు మాట్లాడుకోనిస్తుందా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఒక పిల్ల ఒక బొమ్మ ముందు ఆగి "ఇది నాకు నచ్చలేదక్కా" అని ధైర్యంగా అనగలిగితే ఆ రోజు మన పని అయినట్టే. ఈ లెక్కన చూస్తే సాలార్ జంగ్‌కి నేను మొదటి స్థానం ఇవ్వను.

దాని గొప్పతనం దానిదే. ఒకప్పటి నిజాం ప్రధాని, మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోయాక, ఆ కుటుంబ సేకరణతో 1951లో వాళ్ల నివాసం దివాన్ దేవిడీలో మొదలైన మ్యూజియం అది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా దగ్గర ఎంత అల్లరి పిల్లాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. పాలరాతిలోనే పల్చటి బట్ట, దాని వెనక ముఖం ఎలా కనిపిస్తాయో అర్థంకాక దగ్గరికి వంగి చూస్తాడు. జర్మన్ నాటకం ఫౌస్ట్‌లోని సైతాను మెఫిస్టోఫిలిస్ ముందు నుంచి, అమాయకురాలు మార్గరెట్టా వెనకున్న అద్దంలో కనిపించే చెక్క శిల్పమూ అంతే. రవివర్మ చిత్రాలు సరేసరి.

చిక్కల్లా అక్కడ ఉన్నవి మరీ ఎక్కువ కావడమే. 40కి దగ్గరగా గ్యాలరీలు, సెలవురోజైతే కాలు పెట్టలేనంత జనం. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే పెద్ద గడియారం ఒకటుంది, ఆ సమయానికి అందరూ దాని వైపు పరుగు. ముప్పై మంది పిల్లలున్న గ్రూపులో మెంటర్లకి తలలు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది, "నీకేమనిపించింది?" అని అడిగే తీరిక దొరకదు. కత్తులు, పింగాణీ, ఏనుగు దంతం, గడియారాలు అన్నీ చూసి బయటికొచ్చిన పిల్లలకి ఆకలి తప్ప ఇంకేమీ గుర్తుండదు. అక్కడికే వెళ్లాలనుకుంటే మూడే మూడు వస్తువులు ఎంచుకుని, వాటి ముందే కూర్చోబెట్టండి. శుక్రవారం సెలవన్నది మరవకండి.

మాదాపూర్ కావూరి హిల్స్ దగ్గరి స్టేట్ ఆర్ట్ గ్యాలరీ తీరు వేరు. విశాలమైన హాళ్లు, పెద్దగా జనం ఉండరు, గోడకీ గోడకీ మధ్య నిలబడి మాట్లాడుకునే చోటు ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, ప్రదర్శన నడుస్తున్న రోజుల్లో ఆ బొమ్మలు వేసినవాళ్లు చాలాసార్లు అక్కడే ఉంటారు. బొమ్మ వేసిన చేతుల్ని ఎదురుగా చూడటం, "ఈ రంగు ఎందుకేశారు సార్?" అని అడగడం ఏ పాఠమూ ఇవ్వలేని అనుభవం. మా ఊళ్ల నుంచే పెద్ద పేరున్న చిత్రకారులు వచ్చారని అప్పుడు చెబితే పిల్లలు నమ్ముతారు. వైకుంఠం పుట్టింది ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో, లక్ష్మా గౌడ్‌ది ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్, కాపు రాజయ్యది సిద్దిపేట. వైకుంఠం గీసిన పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల ఆడవాళ్లని చూసి "మా అమ్మమ్మ ఇట్లనే ఉంటది" అనే పిల్లలు మన గ్రూపుల్లో ఎంతోమంది.

ఇక్కడ లోపమూ ఉంది. ఆ వారం ఏ ప్రదర్శన ఉంటే అదే చూడాలి, అసలు ఏదీ లేని రోజులూ ఉంటాయి. అందుకే ముందు ఫోన్ చేయాలి. వీలైతే మెంటర్లలో ఒకరు వెళ్లి చూసి రావాలి. నగ్నచిత్రాలు ఉండొచ్చు, ఉంటే దాచనక్కర్లేదు గానీ పిల్లలు నవ్వుకున్నప్పుడు ఏం మాట్లాడాలో ముందే అనుకుని ఉంటే టెన్షన్ పడక్కర్లేదు.

బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీల్లో ఎంపిక చక్కగా ఉంటుంది. కానీ అద్దాల తలుపు, బయట సెక్యూరిటీ, లోపల చల్లటి ఏసీ. ప్రభుత్వ హాస్టల్ పిల్లలు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలా అని వెనక్కి చూస్తారు. ఆ జంకు పోగొట్టడం కూడా మెంటరింగే కాబట్టి ఈ గ్యాలరీలు వద్దని అనను, మొదటిసారికి మాత్రం వద్దంటాను. ఆదివారం తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని, ఎనిమిది, పది మందికి మించకుండా వెళ్లాలి. ధర అడుగుతారు, అడగనివ్వండి. "ఒక్క బొమ్మకి అన్ని పైసలా అన్నా?" అన్న ప్రశ్న నుంచి పని, విలువ, పేరు గురించి ఎంత మాట్లాడొచ్చో!

ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మఖ్తా గోడల మీద 2016లో మొదలైన బొమ్మలకి టికెట్ లేదు, తలుపు లేదు, జంకూ లేదు. కొన్ని వెలిసిపోయాయి. పొద్దున్నే వెళ్తే బావుంటుంది. జనం కాపురముండే గల్లీలవి కాబట్టి ఫొటో తీసేముందు అడగాలని పిల్లలకి చెప్పి తీసుకెళ్లండి.

నన్నడిగితే మొదటి అవుటింగ్ మాదాపూర్‌కే. మాదాపూర్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోల్లో వెళ్లొచ్చు. ఒక్కో మెంటర్‌కి నలుగురు పిల్లలు, ఒక్కొక్కరు ఒక్క బొమ్మ ఎంచుకుని దాని గురించి మిగతావాళ్లకి చెప్పాలి. కొన్ని నెలలయ్యాక, ఆసక్తి చూపినవాళ్లతో ప్రైవేటు గ్యాలరీలు. సాలార్ జంగ్‌ని ఇంట్లోవాళ్లతో వెళ్లే రోజుకి వదిలేస్తాను. అప్పుడు అమ్మకి రెబెకాని చూపించేది ఆ పిల్లే అవుతుంది.

నోట్‌బుక్ వెనక పేజీలన్నీ బొమ్మలతో నింపేసే పిల్లలు ప్రతి గ్రూపులోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లని విడిగా మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూకి (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) తీసుకెళ్లండి. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో చేరొచ్చన్న సంగతి పదో తరగతిలోనే తెలిస్తే, ఇంట్లో మాట్లాడి ఒప్పించడానికి రెండేళ్లు చేతిలో ఉంటాయి.