వై క్రోమోజోమ్: పోతుందా, ఉంటుందా?

హన్మకొండలో చాయ్ తాగుతుంటే మా తమ్ముడు ఫోన్‌లో క్రోమోజోముల ఫొటో చూపించి, "అన్నా, ఎక్స్ పక్కన మగవాళ్లలో ఉండే ఈ వై ఇంత పొట్టిగా ఉంది, ఇది పోతుందట గదా" అన్నాడు.

పోతుందన్నది ఆస్ట్రేలియా జన్యు శాస్త్రవేత్త జెన్నీ గ్రేవ్స్ లెక్క. ఒకప్పుడు ఎక్స్‌కు సరిజోడీ అయిన వై, 16 కోట్ల ఏళ్లకు పైగా జన్యువులు రాల్చుకుంటూ వచ్చింది, ఇలాగే సాగితే సుమారు 1 కోటి ఏళ్లలో ఖాళీ.

ఉంటుందనే అమెరికా జన్యు శాస్త్రవేత్త డేవిడ్ పేజ్ బృందం 2012లో మన వైని రీసస్ కోతి వైతో పోల్చింది. ఆ కోతులతో మన దారి విడిపోయిన 2.5 కోట్ల ఏళ్లలో మన వై పోగొట్టుకున్న పాత జన్యువు ఒక్కటే! పైగా అందులో 'వికటకవి'లా ఎటు చదివినా ఒకేలా ఉండే భాగాలున్నాయి, ఒక కాపీ చెడితే రెండోదాన్ని చూసి దిద్దుకుంటుంది.

నాకు పేజ్ మాటే గట్టిగా అనిపిస్తుంది, మొదట్లో రాలిన వేగమే ఎప్పుడూ ఉంటుందనుకోలేం కదా. కానీ జపాన్ అమామి ముళ్ల ఎలుకల్లో వై లేకుండానే మగవి పుడుతున్నాయి, వృషణాలు ఏర్పడేలా చేసే సాక్స్9 జన్యువు దగ్గరి చిన్న డీఎన్‌ఏ ముక్క రెట్టింపై వై చేసే పని చేస్తోందని 2022లో తేలింది.