కోబె నుంచి నాగసాకి దాకా చిన్న ఓడలో: ఏది బాగుంది, ఎక్కడ మోసపోయాం

ఇది రాయడానికి కారణం కొరియాలోని జెజు ద్వీపంలో గడిపిన ఒక పూట. పది రాత్రుల ప్రయాణంలో మిగతాదంతా దాదాపు హాయిగానే సాగింది. ఆ ఒక్క పూట జరిగింది మాత్రం ఇంటికొచ్చి రెండు నెలలైనా మింగుడు పడటం లేదు. అక్కడ ఓడవాళ్ల టూర్‌కి మేం పోగొట్టుకున్న డబ్బు మా తర్వాత వెళ్లేవాళ్లకైనా మిగలాలి.

మేం నలుగురం వెళ్లాం. మావారు, నేను, అక్క, బావగారు. ఏప్రిల్ రెండో వారంలో జపాన్‌లోని కోబెలో ఓడెక్కాం. తకమత్సు, తోమోనౌరా, మియజిమా, హాగి, అక్కణ్ణుంచి కొరియాలో బుసాన్, జెజు, చివరికి నాగసాకిలో దిగడం. ఓడలో 120 మందికి మించి లేరు. మనిషికి 6,85,000 రూపాయలు. విమానం టికెట్లు వేరే: వైజాగ్ నుంచి సింగపూర్ మీదుగా ఒసాకాకి వెళ్లి, ఫుకుఓకా నుంచి తిరిగొచ్చేలా ఒక్కొక్కరికి 71,300 అయింది. నా రిటైర్మెంట్ డబ్బులో పెద్ద ముక్కే ఇది. అందుకే ప్రతి ఖర్చూ పుస్తకంలో రాసుకున్నాను.

బయల్దేరేముందే ఒక టెన్షన్. ఓడ జపాన్ నుంచి కొరియా వెళ్లి మళ్లీ జపాన్‌కి వస్తుంది. అంటే జపాన్‌లోకి రెండుసార్లు అడుగుపెడుతున్నట్టు లెక్క. మా ఏజెంట్ ఒక్క ఎంట్రీకే వీసా పెట్టబోయాడు. మా కోడలు దరఖాస్తు చదివి పట్టుకోకపోతే బుసాన్ నుంచే ఇంటికి రావాల్సొచ్చేది. జపాన్ చుట్టి చూపించే విదేశీ ఓడలు మధ్యలో కొరియా రేవు లాంటిది ఒకటి ఎందుకు కలుపుతాయో కూడా అప్పుడే తెలిసింది. విదేశీ జెండా ఉన్న ఓడ జపాన్ రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదని అక్కడి చట్టం, అందుకే ఒక పరాయి రేవు ముట్టుకుని రావాలి. కాబట్టి ఇలాంటి ప్రయాణం ఏది బుక్ చేసుకున్నా ముందు వీసాలో ఎంట్రీలు ఎన్నో చూసుకోండి.

తకమత్సులో రిత్సురిన్ తోట చూశాం, బాగుంది. మధ్యాహ్నం ఉడాన్ (చారులో వేసిచ్చే లావుపాటి గోధుమ నూడుల్స్) తినబోతే అక్కకి ఏమీ దొరకలేదు. అక్క శాకాహారి. గిన్నెలో కూరగాయలే కనిపిస్తాయి కానీ చారు మాత్రం ఎండు చేపలు మరిగించి తీసినదే. ‘మాంసం లేదు’ అంటే వాళ్లకి చేప లేదని అర్థం కాదు. ‘చేపల చారు కూడా వద్దు’ అని జపనీస్‌లో రాయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి. ఓడలో కూడా శాకాహారమంటే మొదటి ఐదు రాత్రులూ కాల్చిన క్యాప్సికం, పుట్టగొడుగులే. ఆరో రోజు బావగారు వంటగది పెద్దని పిలిపించి మాట్లాడితే అప్పుడు పప్పు వచ్చింది.

పెద్ద ఓడలు వదిలి చిన్న ఓడకి ఇంత డబ్బు ఎందుకు పెట్టాలంటే తోమోనౌరా ఒక్కటి చాలు. రేవు చిన్నది కాబట్టి ఓడ బయటే లంగరేసింది. పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్లారు. పడవ దిగితే నేరుగా ఊళ్లోనే ఉన్నాం. బస్సు లేదు, గేటు లేదు. నీళ్లలోకి దిగే రాతిమెట్లు, వాటి పక్కన 1859లో కట్టిన రాతి దీపస్తంభం, ఆరబెట్టిన వలలు.

జపాన్ పెద్ద ద్వీపాల మధ్య ఉన్న సెతో లోపలి సముద్రానికి తూర్పు నుంచీ, పడమర నుంచీ దారులున్నాయి. పోటు వచ్చినప్పుడు రెండు వైపుల నుంచీ నీళ్లు లోపలికొచ్చి సరిగ్గా ఈ ఊరి దగ్గర కలుస్తాయట. తెరచాప పడవల కాలంలో పోటుతో ఇక్కడిదాకా వచ్చి, ఆటు మొదలయ్యేదాకా ఆగి, ఆ ఆటుతోనే బయటికి పోయేవారు. ఊరు బతికిందే ఆ ఎదురుచూపుల మీద. అలా ఆగినవాళ్లలో కొరియా రాయబారులు కూడా ఉన్నారు. 1607 నుంచి 1811 దాకా కొరియాని ఏలిన జోసెన్ రాజులు జపాన్‌కి 12 సార్లు రాయబార బృందాలని పంపారు. ఫుకుజెన్‌జి గుడిలో వాళ్లు బస చేసిన గది ఇప్పటికీ ఉంది. చాప మీద కూర్చుంటే తలుపుల చట్రంలో ద్వీపం, దాని మీద చిన్న గోపురం, వెనక ఇంకో ద్వీపం. 1711లో వచ్చిన రాయబారి ఒకాయన, జపాన్‌లో ఇంతకన్నా అందమైన చోటు లేదని రాశాడట. మేం వెళ్లినప్పుడు గదిలో మేం నలుగురమే. మావారు మోకాళ్ల నొప్పి మర్చిపోయి అరగంట కింద కూర్చున్నారు. టికెట్ 200 యెన్‌లు. మొత్తం ప్రయాణంలో అంత తక్కువ పెట్టి అంత తృప్తిగా లేచిన చోటు ఇంకోటి లేదు.

మియజిమాలో ఆటు సమయానికి, సముద్రంలో నిలబెట్టిన తోరీ అనే గుడి ద్వారం కిందికి నడిచి వెళ్లాం. ఇప్పుడున్నది 1875లో నిలబెట్టిందట. దుంగలు నేలలో పాతలేదు, తన బరువు మీదే నిలబడి ఉంది. హిరోషిమా టూర్‌కి ఓడవాళ్లు మనిషికి 139 డాలర్లు అడిగారు. మేం ద్వీపం నుంచి ఫెర్రీ, తర్వాత రైలు, ఆపైన ట్రామ్ ఎక్కి వెళ్లాం. ఒక వైపుకి మనిషికి వెయ్యి యెన్‌ల లోపే. శాంతి మ్యూజియం టికెట్ 200 యెన్‌లు. అణుబాంబు పడిన 8:15 దగ్గర ఆగిపోయిన చేతిగడియారం ముందు అక్క చాలాసేపు నిలబడిపోయింది. తిరుగు ప్రయాణంలో ఎవరం మాట్లాడుకోలేదు.

హాగిలో ఒక కుండల దుకాణంలో గంటన్నర ఉన్నాం. 1592 నుంచి 1598 దాకా కొరియా మీద జపాన్ దండయాత్ర చేసినప్పుడు అక్కడి కుమ్మరులని పట్టి తెచ్చారు. ఆ కుమ్మరుల చేతుల మీదే హాగి మట్టిపాత్రలు మొదలయ్యాయి. నేను కొన్న టీ గిన్నె 6,600 యెన్‌లు, మన డబ్బుల్లో నాలుగు వేలకి కాస్త తక్కువ. పాలమీగడ రంగు, పైన వెంట్రుకంత సన్నని పగుళ్లు, అడుగున పీటకి ఒక గంటు. టీ తాగేకొద్దీ ఆ పగుళ్లలోకి రంగు దిగి గిన్నె మారుతూ పోతుందట. వాళ్లు దీన్నే హాగి ఏడు మార్పులు అంటారు. కొత్తలో కొంచెం కారుతుంది, వాడేముందు నీళ్లలో నానబెట్టమని దుకాణం ఆవిడ సైగలతో చెప్పింది. అక్కకి వెంటనే అర్థమైపోయింది. కొత్త మట్టికుండకి అమ్మ గంజి పట్టించేది కదా, అదే పని.

బుసాన్‌లో బావగారి ముఖం వెలిగిపోయింది. గిమ్హే వెళ్లాలని ఆయన ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నారు. మెట్రోలో ససాంగ్ దాకా వెళ్లి, లైట్ రైలు మారితే గిమ్హే. సామ్గుక్ యుసా అనే పాత గ్రంథం ప్రకారం క్రీ.శ. 48లో అయుత అనే దేశం నుంచి ఒక రాకుమారి ఓడలో వచ్చి ఇక్కడి సురో రాజుని పెళ్లాడింది. అయుత అంటే మన అయోధ్యే అని చాలామంది నమ్మకం. చరిత్రకారులందరూ ఒప్పుకోరు. అలలు శాంతించాలని ఆమె ఓడలో తెచ్చిందని చెప్పే రాళ్ల గోపురం ఆమె సమాధి దగ్గరే ఉంది. ఎర్రమచ్చల రాళ్లు, పెద్ద ఎత్తేమీ లేదు. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన మేం ఇండియా అని తెలిసి చేయి కలిపాడు, తనది గిమ్హే కిమ్ వంశమని, ఆ రాణి తమకి అమ్మమ్మల అమ్మమ్మ అని ఫోన్‌లో తర్జుమా చేసి చూపించాడు. బావగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. ఓడవాళ్ల టూర్ల జాబితాలో ఈ చోటు లేదు.

ఇక జెజు.

ఓడలో అమ్మిన టూర్ పేరు ‘హెన్యోలతో ఒక ఉదయం’. మనిషికి 165 డాలర్లు, నలుగురికి 660, అంటే దాదాపు 57 వేల రూపాయలు. హెన్యోలంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలో మునిగి నత్తలు, అబలోన్ గవ్వలు, నాచు కోసుకొచ్చే ఆడవాళ్లు. 2016లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మా జాలారిపేటలో వేటకి మగవాళ్లు వెళ్తారు, తెచ్చిన చేప ఆడవాళ్లు తట్టలో పెట్టుకుని అమ్ముతారు. ఇక్కడ సముద్రంలో దిగేదే ఆడవాళ్లని చదివిన రోజు నుంచీ వాళ్లని చూడాలని నాకు ఆశ. ఈ ప్రయాణం ఎంచుకున్నదే అందుకు.

పొద్దున 8:30కి బస్సెక్కించారు. గంట పోయాక ఆగింది జిన్సెంగ్ అనే మందువేరు అమ్మే దుకాణం ముందు. యాభై నిమిషాలు. లోపల తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చిన్న గ్లాసులో కషాయం ఇచ్చి, తర్వాత డబ్బాల ధరలు చెప్పడం మొదలుపెట్టారు. కార్యక్రమంలో ఈ దుకాణం మాటే లేదు. అక్కణ్ణుంచి సియోంగ్‌సాన్ ఇల్చుల్‌బోంగ్. సముద్రంలోకి చొచ్చుకుపోయిన 182 మీటర్ల అగ్నిపర్వతపు కొండ, చూడటానికి గొప్పగా ఉంది. దాని కింద ఒడ్డునే హెన్యోల ప్రదర్శన. దిగాక గైడ్ చెప్పింది: అలలు ఎక్కువగా ఉన్నాయి, ఇవాళ ఎవరూ దిగరు, ఫొటోలు తీసుకోండి, ఇరవై నిమిషాల్లో బస్సు. అలలకి ఎవరం ఏం చేస్తాం? కానీ మావారు గుచ్చి గుచ్చి అడిగితే ఆ సంగతి పొద్దున ఏడింటికే తెలుసని ఒప్పుకుంది. తెలిసి ఎందుకు తీసుకొచ్చారంటే జవాబు లేదు. ఇంకో మాట కూడా అక్కడి బోర్డు చూస్తేనే తెలిసింది: ఆ ప్రదర్శన చూడటానికి డబ్బే కట్టక్కర్లేదు.

బావగారు మాట్లాడకుండా వెళ్లి బస్సులో కూర్చున్నారు. ఆయనకి కోపం వస్తే అంతే. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఇంత దూరం వచ్చి వాళ్ల ముఖమైనా చూడకుండా పోతామా? రా" అని రాళ్ల మీదుగా కిందికి దింపింది.

ఒడ్డున హెన్యోలే నడిపే చిన్న తిండిశాల ఉంది. రేకుల కప్పు, ప్లాస్టిక్ స్టూళ్లు, తొట్లలో బతికున్న నత్తలు. ఒక ముసలావిడ చిన్న పీట మీద కూర్చుని గవ్వలు శుభ్రం చేస్తోంది. వయసు 76 అని వేళ్లతో చూపించింది. నుదుటి మీద, బుగ్గల మీద నీళ్లలో పెట్టుకునే అద్దాల చట్రం అచ్చు గుండ్రంగా పడి ఉంది, పుట్టుమచ్చలా అది ఇక పోదేమో. నేను అబలోన్ గంజి అడిగాను, 12,000 వాన్‌లు. అన్నం పచ్చబంగారు రంగులో ఉంది, నువ్వుల నూనె వాసన. కారం లేకపోయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. అక్క శాకాహారి అని ఫోన్‌లో చూపిస్తే ఆవిడ లోపలికెళ్లి అన్నం, కాల్చిన నాచు రేకులు, ఒక పెద్ద కమలాపండు తెచ్చి పెట్టింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

తర్వాత తన సీసపు నడికట్టు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏడాది పిల్లంత బరువుంది. అది కట్టుకుంటేనే కిందికి దిగగలరు. నారింజ రంగు బంతిలాంటి తేలుడుబుర్ర చూపించింది, దాన్ని తెవాక్ అంటారు, కింద వల వేలాడుతుంది. పైకొచ్చాక ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల పేరు సుంబిసొరి. అది ఎలా ఉంటుందని అడిగితే పెదాలు సున్నాలా చుట్టి ఒక్కసారి ఊదింది. సన్నగా, పొడుగ్గా, దూరపు పక్షి కూతలా. అక్క ఒళ్లు జలదరించిందంది. నీళ్లలో దిగేముందు తలనొప్పి మందు వేసుకుంటానని, ఒడ్డున నొప్పి పెట్టే మోకాళ్లు నీళ్లలో నొప్పి పెట్టవని చెప్పింది. ఇంకొక్క గవ్వ అని ఆశపడితే నీళ్లు మింగుతామని, తన తోటివాళ్లలో ఇద్దరు అలాగే పోయారని కూడా.

ముప్పై నిమిషాలు దాటిపోయింది. గైడ్ వచ్చి అందరి ముందూ గట్టిగా అరిచింది. నేనూ ఊరుకోలేదు. ఆ టూర్‌లో హెన్యోని కలిసింది మేమిద్దరమే, అదీ కాళ్లతో నడిచెళ్లి.

రాత్రి రిసెప్షన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. మర్నాడు మనిషికి 25 డాలర్లు ఓడ ఖాతాలో వేశారు, ఓడలోనే ఖర్చు పెట్టాలట. బావగారు తీసుకోలేదు. ఇంటికొచ్చాక మూడు మెయిళ్లు పెట్టాం. ఒక్కదానికే జవాబు వచ్చింది, వాతావరణం మా చేతిలో లేదు అని. దుకాణం గురించి ఒక్క ముక్క లేదు.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. చిన్న ఓడ డబ్బు సెతో లోపలి సముద్రానికి, హాగి లాంటి ఊళ్లకి పెట్టండి, అక్కడ దానికి విలువ ఉంది. బుసాన్‌కి ఫుకుఓకాలోని హకతా రేవు నుంచి మామూలు ఫెర్రీ ఉంది, జెజుకి బుసాన్ నుంచి విమానాలున్నాయి. అక్కడ రెండు రాత్రులు సొంతంగా ఉండండి, ఒకరోజు అలలుంటే ఇంకో రోజు చూడొచ్చు. సియోంగ్‌సాన్‌కి ఊరి బస్సు వెళ్తుంది. ఓడలో అమ్మే టూర్ ఏదైనా కొనేముందు దుకాణాలు ఎన్ని, కార్యక్రమం రద్దయితే డబ్బు తిరిగిస్తారా అని కాగితం మీద రాయించుకోండి. మేం రాయించుకోలేదు.

మేం వచ్చేసేటప్పుడు ఆ ముసలావిడ అక్క చేతిలో ఎండు నాచు ప్యాకెట్ ఒకటి పెట్టింది. తన కూతురు కడుపుతో ఉందని అక్క ఫోటో చూపించినందుకు. కొరియాలో బాలింతకి మొదట పెట్టేది ఆ నాచు పులుసేనట. అక్క కూతురికి మొన్న పాప పుట్టింది. ప్యాకెట్ అక్క వంటింట్లో అలాగే ఉంది, పథ్యంలో పెట్టొచ్చా లేదా అని డాక్టరమ్మని అడగాలంటోంది.