అద్దాలతో యుద్ధానికొచ్చిన ఆర్కిమెడీస్: ‘ఫేట్/ఎక్స్‌టెల్లా’ చాలాకాలం ఆడాక

ఆర్కిమెడీస్ అంటే మనలో చాలామందికి హైస్కూల్ సైన్సు పుస్తకమే గుర్తొస్తుంది. నీళ్లతొట్టి, రాజుగారి కిరీటం, ‘యురేకా’ అంటూ ఒంటిమీద బట్టల్లేకుండా వీధిలో పరుగు. ‘ఫేట్/ఎక్స్‌టెల్లా: ది అంబ్రల్ స్టార్’ అనే వీడియో గేమ్‌లో ఉన్న ఆర్కిమెడీస్ దగ్గర ఇవేవీ కనపడవు. గడ్డం ముసలాయన కాదు, నవయువకుడు. మాట నెమ్మది, బుర్ర చల్లన, చేతిలో మాత్రం ఊళ్లను తగలబెట్టే సరంజామా. పైగా మంచివాడు కాదు. ఈ ఆట మొదట నింటెండో స్విచ్‌లో ఆడాను, తర్వాత పీసీలో మళ్లీ కొనుక్కుని ఆడాను. ఆడటానికి 16 మంది ఉన్నా నేను తిరిగి తిరిగి ఈ గణితజ్ఞుడినే ఎంచుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు ఆట సంగతి. జపాన్‌లో 2016లో ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ వీటా అనే గేమింగ్ పరికరాల మీద వచ్చింది. 2017లో మిగతా దేశాలకు, తర్వాత స్విచ్‌కు, పీసీకి వచ్చింది. తయారీ మార్వెలస్, కథ కినోకో నాసుది. చంద్రుడి మీద మూన్ సెల్ అనే మహా కంప్యూటర్ ఒకటుంది, అందులో ఒక కాల్పనిక లోకం. చరిత్రలోని వాళ్లు, పురాణాల్లోని వాళ్లు ‘సర్వెంట్లు’గా అక్కడ మళ్లీ పుట్టి కొట్టుకుంటుంటారు. రోమన్ చక్రవర్తి నీరో ఇందులో అమ్మాయి. హూణుల రాజు అటిలా కూడా అమ్మాయే, పేరు అల్టెరా. మన మహాభారతం నుంచి కర్ణుడున్నాడు. ఇలాంటివి చూసి ‘చరిత్రను ఖూనీ చేశారు’ అని నొచ్చుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఫేట్ వరసలో అన్నీ ఇంతే.

పోరాటం ‘ఒక్కడు, వందమంది’ పద్ధతిలో సాగుతుంది. మామూలు శత్రువులు గుంపులు గుంపులుగా వస్తారు, గడ్డి కోసినట్టు కోసుకుంటూ పోవడమే. అసలు ఆట అది కాదు. మైదానం కొన్ని సెక్టార్లుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో సెక్టార్‌లో అగ్రెసర్లు అనే పెద్ద శత్రువులు ఉంటారు. వాళ్లను పడగొడితే ఆ సెక్టార్ మనది. ఎక్కువ విలువున్న సెక్టార్లు ముందు పట్టుకోవాలి. మనం ఇటు వెళ్లేసరికి అటు మన సెక్టార్‌లోకి శత్రువులు దిగుతారు. దాన్ని వదులుకోవాలా, వెనక్కి పరిగెత్తాలా అన్నది ఎప్పుడూ ఉండే టెన్షన్. మొదట్లో నేను కూడా అందరిలాగే కనపడినవాణ్ణల్లా కొట్టుకుంటూ పోయేవాణ్ణి. కొన్నాళ్లు ఆడాక స్క్రీన్ మూలలోని మ్యాప్ మీదే కళ్లు ఉండటం మొదలైంది. ఏ సెక్టార్ నుంచి ఏ సెక్టార్‌కి దారి ఉంది, ఎటు వెళ్తే తిరిగి రావడానికి ఎంత సేపు పడుతుంది, ఏది పోయినా ఫర్వాలేదు. ఈ ఆటలో గెలుపు ఓటములు ఎక్కువగా ఇక్కడే తేలతాయి.

ఆర్కిమెడీస్ నాకు నచ్చింది ఈ లెక్క దగ్గరే. అతను క్యాస్టర్ తరగతి, అంటే మంత్రగాళ్ల వర్గం. కర్ణుడిలా ఈటె పట్టుకుని గుంపు మధ్యలోకి దూకే రకం కాదు. యంత్రాలతో, కాంతితో పని కానిస్తాడు. కర్ణుడితో ఆడితే చేతులకు పని, ఇతనితో ఆడితే కళ్లకు. ఎక్కడ నిలబడ్డాం, ఎటు తిరిగి ఉన్నాం, ఎంత దూరంలో ఉన్నాం అనేవి చూసుకోకుండా బటన్లు టకటకా నొక్కితే సగం దెబ్బలు గాలికి పోతాయి. గుంపు అంతా ఒక వరసలోకి వచ్చేదాకా అర క్షణం ఓపిక పట్టి, అప్పుడు కాంబో (వరస దెబ్బలు) మొదలుపెడితే ఆ వరస మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కొత్తగా ఆడేవాళ్లకి ఇతను నీరసంగా అనిపిస్తాడు. అందుకే ఆడినవాళ్లలో చాలామంది ఇతన్ని ఒకసారి చూసి వదిలేసి ఉంటారని నా అనుమానం.

ఇక అసలు ఆకర్షణ అద్దాలు. ప్రతి సర్వెంట్‌కూ నోబుల్ ఫాంటసమ్ అనే మహాస్త్రం ఒకటి ఉంటుంది. అది ఎప్పుడు పడితే అప్పుడు పనిచేయదు. మైదానంలో దొరికే ముక్కలు మూడు సేకరిస్తేనే తెరుచుకుంటుంది. ఆర్కిమెడీస్ అస్త్రం పేరు కటోప్ట్రాన్‌తో మొదలవుతుంది. అద్దాలు వెలుగును పోగుచేస్తాయి, అది ఒక్క చోట పడుతుంది, అక్కడున్నది భస్మం. మొదటిసారి చూసినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టి నోరు తెరుచుకుని చూశాను. ఇప్పటికీ ఆ సీన్ స్కిప్ చేయను. కర్ణుడు బాస్‌గా, అంటే ప్రధాన శత్రువుగా వచ్చే పోరులో దీన్ని వాడటం ఇంకో సరదా. ఒకవైపు సాక్షాత్తూ సూర్యపుత్రుడు, ఇంకోవైపు సూర్యకాంతిని కూడగట్టి కొట్టేవాడు. ఆట తయారుచేసినవాళ్లు ఈ జోడీ గురించి ఆలోచించారో లేదో గానీ, మన దగ్గర పెరిగినవాళ్లకి అది వెంటనే తడుతుంది.

ఈ అద్దాల కథలో చరిత్ర ఎంత అని వెతకడం మొదలుపెట్టాను, అదో పెద్ద ఊబి. ఆర్కిమెడీస్ ఊరు సిరక్యూస్‌ను రోమన్లు ముట్టడించింది క్రీ.పూ. 213-212లో. ఆ ముట్టడి గురించి రాసినవాళ్లలో ముఖ్యులు పాలీబియస్, లివీ, ప్లూటార్క్. రాళ్లు విసిరే యంత్రాలున్నాయంటారు, ఓడ ముక్కు పట్టుకుని పైకెత్తి నీళ్లలో కుదేసే ఇనుప చెయ్యి ఉందంటారు. అద్దాల ఊసు మాత్రం ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు. ఆ కథ శతాబ్దాల తర్వాత వచ్చి చేరింది. క్రీ.శ. ఆరో శతాబ్దంలో ట్రాలెస్‌కు చెందిన ఆంథీమియస్ అనే వాస్తుశిల్పి, కాన్‌స్టాంటినోపుల్‌లో హాజియా సోఫియా చర్చి కట్టినవాళ్లలో ఒకడు, ఇది సాధ్యమేనా అని ఆలోచించి, ఒక పెద్ద అద్దం కన్నా చాలా చదును అద్దాలు కలిసి పనిచేస్తే కుదురుతుందని చూపించాడు. 1973లో ఇయోనిస్ సక్కాస్ అనే గ్రీకు ఇంజినీర్ 70 అద్దాలతో చేసి చూశాడు. 2005లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యార్థులు 127 అద్దాలు పెట్టి, కదలకుండా ఉంచిన ఓడ నమూనాకు నిప్పు అంటించగలిగారు. కానీ మబ్బు తొలగేదాకా ఆగాల్సి వచ్చింది, తర్వాత కూడా మంట రావడానికి కొన్ని నిమిషాలు పట్టింది. కదిలే రోమన్ ఓడ అన్ని నిమిషాలు నిలబడి ఎండ కాచుకుంటుందా? ఆటలో మాత్రం మబ్బూ లేదు, నిరీక్షణా లేదు. ముక్కలు మూడు, బటన్ ఒకటి.

చరిత్రలో అన్నిటికన్నా బలహీనమైన ముక్కను తీసుకుని అతని మహాస్త్రంగా పెట్టారన్నమాట. నాకు దాని మీద కోపం లేదు, చూడటానికి అంత బాగుంది కాబట్టి. అసలు అసంతృప్తి వేరే ఉంది. ప్లూటార్క్ మాట నమ్మితే ఆర్కిమెడీస్ యంత్రాల పనిని చిన్నచూపు చూసేవాడు, వాటి గురించి పుస్తకం కూడా రాయదలచుకోలేదు. తన సమాధి మీద చెక్కించుకున్నది ఆయుధం కాదు, స్థూపంలో (సిలిండర్‌లో) ఇమిడిన గోళం. రెండిటి ఘనపరిమాణాల నిష్పత్తి మూడుకు రెండు అని కనిపెట్టడమే తన జీవితంలో గొప్ప పని అనుకున్నాడు. ఆ సమాధి ముళ్లపొదల్లో మరుగునపడి ఉంటే క్రీ.పూ. 75లో సిసిలీలో ఉద్యోగం చేస్తున్న రోమన్ వక్త సిసిరో వెతికి పట్టుకున్నాడు. పొదల్లోంచి తల ఎత్తి కనపడిన ఆ గోళం, స్థూపం చూసే గుర్తుపట్టాడు. అంతగా ప్రేమించిన ఆ బొమ్మను ఇతని దాడుల్లో ఎక్కడో ఒకచోట వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. వృత్తం లోపల, బయట 96 భుజాల బహుభుజులు గీసి, పై (π) విలువ 3 10/71కి, 3 1/7కి మధ్యలో ఉంటుందని తేల్చినవాడు. మనం బడిలో కళ్లు మూసుకుని వాడిన 22/7 ఆ పై హద్దే. ఆ బహుభుజి ఒక్కో భుజంతో శత్రువు చుట్టూ బిగుసుకుపోయే దాడి ఒకటి ఉంటే ఎంత బాగుండేది! ఆట డిజైనర్లకు ఉచిత సలహా.

అయితే ప్లూటార్క్ మాటను పూర్తిగా నమ్మలేం కూడా. 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో హైబెర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఒక ప్రార్థన పుస్తకాన్ని పరిశీలించాడు. పాత రాతను చెరిపేసి దాని మీద ప్రార్థనలు రాసిన తోలు కాగితాలవి. అడుగున ఉన్నది ఆర్కిమెడీస్ రచనల ప్రతి. అందులో ఒక రచన తన పద్ధతి గురించి ఆయనే చెప్పుకున్నది: ఆకారాలను సన్నని ముక్కలుగా ఊహించి, త్రాసులో తూచినట్టు తూచి, ముందు జవాబు కనిపెట్టి, ఆ తర్వాత శుద్ధ జ్యామితితో రుజువు చేసేవాడట. అంటే ఆయన బుర్రలో యంత్రమూ గణితమూ వేరు వేరు గదుల్లో లేవు. ఇది తెలిశాక ఆటలోని ఇంజినీర్ ఆర్కిమెడీస్ నాకు అంత ఎబ్బెట్టుగా అనిపించడం మానేశాడు. చంద్రుడి కంప్యూటర్ బాగోగులు చూసే పని ఇతనికి అప్పగించడం కూడా బాగా కుదిరింది. విశ్వమంతా నింపడానికి ఎన్ని ఇసుక రేణువులు కావాలో లెక్కగట్టి, 1 పక్కన 63 సున్నాలు చాలని తేల్చినవాడికి అంతకన్నా తగిన ఉద్యోగం ఏముంది?

కథ దగ్గరికొస్తే, ఇక్కడ కొంచెం గుట్టు విప్పక తప్పదు. తెలుసుకోకుండా ఆడదలిస్తే ఈ పేరా దాటేయండి. ఇతనే అసలు విలన్. నీరో, తమమో (జపాన్ కథల్లోని నక్క కన్య), అల్టెరా ముగ్గురి కథలూ ఆడాక గానీ ఇతని చెయ్యి ఎంత దూరం ఉందో తెలియదు. ఆ నిర్మాణం నాకు నచ్చింది: ఒకే సంఘటనను ఒక్కో కథలో ఒక్కో వైపు నుంచి చూస్తూ పోతుంటే, మూల మీద ఉన్న ఈ మర్యాదస్తుడి మీద అనుమానం నెమ్మదిగా పెరుగుతుంది. విలన్‌గా బయటపడ్డాక మాత్రం కేకలు ఎక్కువయ్యాయి, సూక్ష్మం తగ్గింది. ఇసుకలో గీసుకున్న బొమ్మల మీద వంగి ఉండగా ఒక రోమన్ సైనికుడి కత్తికి బలైన 75 ఏళ్ల ముసలాయన కథ చేతిలో ఉంది. ఆయన్ను ప్రాణాలతో తీసుకురమ్మని రోమన్ సేనాని మార్సెల్లస్ చెప్పాడని కూడా అంటారు. ఆటకు నాయికేమో రోమన్ చక్రవర్తి. ఇంత మందుగుండు సిద్ధంగా ఉండగా రచయిత దానికి ఇంకా పెద్ద మంట పెట్టి ఉండాల్సింది. నీరో బాస్‌గా వచ్చే మైదానాన్ని ఫ్రీ బ్యాటిల్‌లో ఎంచుకుని, ఆర్కిమెడీస్‌తో వెళ్లి గెలిస్తే నాకు దక్కిన తృప్తి ఆ కథ ఇచ్చిన దానికన్నా ఎక్కువ.

లోపాలు దాచను. మాటలన్నీ జపనీస్‌లో, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. కథ భాగంలో ఇబ్బంది లేదు, తీరిగ్గా చదువుకోవచ్చు. కానీ పోరు మధ్యలో కూడా పాత్రలు మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఎదురుగా వందమంది మీద పడుతుంటే కింద అక్షరాలు ఎవడు చదువుతాడు? చాలా మాటలు అలాగే పోయాయి. మైదానాలు కొన్నే. నాలుగో కథకొచ్చేసరికి ప్రతి మలుపూ ముందే తెలిసిపోయి బోర్ కొడుతుంది. గోడ పక్కన బాస్‌తో తలపడితే కెమెరా ఎటో తిరుగుతుంది, దూరం చూసుకుని కొట్టే ఆర్కిమెడీస్‌కి ఈ బాధ మిగతావాళ్లకన్నా ఎక్కువ. అందుకే నేను బాస్‌ను మైదానం మధ్యకు లాక్కొచ్చి కొడతాను. కథ చదివే భాగం చాలా పొడుగు, ఊరికే కొట్టుకోవడానికి వచ్చినవాళ్లకి ఓపిక ఉండదు.

గ్రీకు గణితజ్ఞులు మిగతా ఆటల్లో కూడా తగులుతారు. ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో పైథాగరస్ ఉన్నాడు గానీ అతన్ని మనం ఆడించలేం, ఎదురుపడి మాట్లాడతాడంతే. ‘సివిలైజేషన్ 6’లో యూక్లిడ్, హైపాషియా మహా శాస్త్రవేత్తలుగా వస్తారు, మన ఆర్యభట కూడా అదే జాబితాలో ఉంటాడు. హైపాషియాను తీసుకెళ్లి క్యాంపస్‌లో దింపితే అక్కడికక్కడే గ్రంథాలయం వెలుస్తుంది. ఆ ఒక్క పనితో మాయమైపోతుంది. గణితజ్ఞుడి చొక్కాలో దూరి పరిగెత్తించి, దెబ్బలు తినిపించి, గెలిపించే అవకాశం నాకు తెలిసినంతలో ఇక్కడే దొరికింది.

కొనాలనుకుంటే: తర్వాతి భాగం ‘ఫేట్/ఎక్స్‌టెల్లా లింక్’ జపాన్‌లో 2018లో, బయట 2019లో వచ్చింది. 26 మంది ఉన్నారు, ఆర్కిమెడీస్ అందులోనూ ఉన్నాడు, అర్జునుడు కొత్తగా చేరాడు. పోరు పరంగా లింక్ చురుకైనది, అయితే ఇతని కథంతా మొదటిదాంట్లోనే ఉంది. నేనైతే పీసీలో సేల్ పెట్టినప్పుడు మొదటిది తీసుకోమంటాను. ప్రయాణాల్లో ఆడేవాళ్లకి స్విచ్ మేలు, ఒక్కో పోరు బస్సు దిగేలోపు అయిపోతుంది. మొదట నీరో కథ ఒకటి పూర్తిచేసి సెక్టార్ల లెక్క ఒంటపట్టించుకోండి. ఆర్కిమెడీస్ చేతికొచ్చాక తేలిక మైదానంలో నాలుగైదు పోర్లు ఊరికే దూరాలు అలవాటు కావడానికి ఆడండి, ఆ తర్వాతే బాస్‌ల జోలికి వెళ్లండి.