కూర్చునే చర్చి, నిలబడే చర్చి: పరాయి పల్లెలో ఆదివారం ఏది మేలు?

విదేశీ ప్రయాణంలో ఆదివారం పొద్దున్న ఏదో పల్లెలో ఉండిపోయామంటే దుకాణాలు మూసి ఉంటాయి, బస్సులు సరిగా తిరగవు, ఊళ్ళో కాస్త సందడి ఉండేది చర్చి దగ్గరే. అలా నేను మూడు దేశాల్లో లోపలికి వెళ్ళి చూశాను: ఇంగ్లండ్, రుమేనియా, పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులు. ఏది బాగుందని అడిగేవాళ్ళు భవనం ఎంత పాతది, ఫొటోలు ఎలా వస్తాయి అంటారు. తెలియని భాషలో రెండు గంటలు గడపబోయేవాడికి వాటితో పనేముంది? ఎక్కడ ఉండాలి, చేతులు ఏం చేసుకోవాలి, మధ్యలో బయటికి రావచ్చా? ముందు తెలుసుకోవాల్సినవి ఇవి.

ఇంగ్లండ్‌లో ఇబ్బంది తక్కువ. చేతికి పుస్తకం ఇస్తారు, గోడమీద పలక మీద పాటల నంబర్లు ఉంటాయి, ఎప్పుడు లేవాలో కూడా చాలాచోట్ల పుస్తకంలోనే ఉంటుంది. ఆ రోజు ఆరాధన ఉందో లేదో కనుక్కోవడమే కష్టం. ఒకే వికార్ (ఊరి పాస్టరు) కింద నాలుగైదు ఊళ్ళ చర్చిలు ఉంటాయి కాబట్టి ఈ వారం ఇక్కడైతే వచ్చే వారం పక్క ఊళ్ళో. శనివారమే వెళ్ళి వాకిట్లో అంటించిన కాగితం చూసుకోవాలి. ప్రభు భోజనం, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం తీసుకోని వాళ్ళు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే దీవించి పంపుతారు. అయ్యాక టీ, బిస్కెట్లు, ఎక్కణ్ణుంచి వచ్చారన్న పలకరింపులు. బాగుంటుంది. అంతకుమించి నాకేమీ గుర్తులేదు.

ఉత్తర రుమేనియాలోని మారమురెష్ సంగతి వేరు. అక్కడి చెక్క చర్చిల్లో ఎనిమిదింటిని యునెస్కో 1999లో వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో షుర్దెష్టి ఊళ్ళోని చర్చి శిఖరం నేల నుంచి 72 మీటర్లు. చూడబోయేవాళ్ళు ఒక దగ్గర పొరబడతారు, నేనూ పడ్డాను: చాలా ఊళ్ళలో పాత చెక్క చర్చికి తాళం ఉంటుంది, ఆదివారం జనం వెళ్ళేది పక్కనే కట్టుకున్న కొత్త పెద్ద చర్చికి. నేను మెడ పైకెత్తి చెక్కపెంకుల కప్పు చూస్తుంటే ఊరు ఊరంతా నన్ను దాటుకుంటూ పోయింది.

రుమేనియాలో ఎక్కువమంది ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవులు. వాళ్ళ ఆరాధనలో చాలాసేపు నిలబడే ఉంటారు. గోడవార ఉన్న కుర్చీలు ముసలివాళ్ళవి. సంప్రదాయంగా మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. వాయిద్యాలు ఉండవు, గొంతులే. 'దోమ్నే మిలుయెష్టె', అంటే ప్రభువా కరుణించు, ఎన్నిసార్లు వస్తుందంటే పావుగంటకి మన పెదాలూ కదులుతాయి. జనం ఆలస్యంగా వస్తారు, పటాన్ని ముద్దు పెట్టుకుంటారు, బయటికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి మళ్ళీ వస్తారు. ఆ రాకపోకల్లో కొత్తవాడు ఎవరికీ అడ్డం కాడు. మోకాళ్ళు నొప్పెడితే నెమ్మదిగా బయటపడొచ్చు.

నేనూ ఒక కొవ్వొత్తి కొని ఆవరణలోకి వెళ్ళాను. అక్కడ రేకుపెట్టెలో రెండు అరలు ఉన్నాయి, ఒక్కోదాని మీద ఏదో రాసి ఉంది. ఏ అరలో పెట్టాలో తెలియక ఆగిపోతే, పూలరుమాలు కట్టుకున్న ఒక ముసలమ్మ పై అర చూపించి తన గుండె మీద తట్టుకుంది, కింది అర చూపించి కళ్ళు మూసుకుంది. ఒకటి బతికున్నవాళ్ళకి, ఒకటి పోయినవాళ్ళకి. మా నాన్నగారికని కింద పెట్టాను. ప్రభు భోజనం ఆర్థడాక్స్ వాళ్ళకే గానీ, చివర్లో పంచే రొట్టెముక్కలు వేరు. ఒకటి ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టింది.

సమోవాలో ఇలా ఓ మూల నిలబడి ఉండటం కుదరదు. 1830లో జాన్ విలియమ్స్ అనే ఇంగ్లిష్ మిషనరీ అక్కడి సవాయి దీవిలో దిగి మతప్రచారం మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ చర్చే పెద్ద భవనం. పొద్దున్నే ఊరంతా పొగ కమ్ముకుంటుంది. కాల్చిన రాళ్ళ మీద ఆదివారం వంట, ఉము. పిల్లా పెద్దా తెల్లబట్టలు, ఆడవాళ్ళకి టోపీలు. రంగు చొక్కాతో బెంచీ మీద కూర్చున్న నేను పాలల్లో పడ్డ చీమలా ఉన్నాను. పాట ఎత్తుకున్నారంటే మాత్రం అన్నీ మరిచిపోతాం. ఆడా మగా నాలుగు స్వరాలుగా విడిపోయి, వెనక బెంచీ కుర్రాడితో సహా ఎవరి వరస వాళ్ళు పట్టుకుంటే కప్పు లేచిపోతుందేమో అనిపిస్తుంది. చాలా ఊళ్ళలో ఏ కుటుంబం ఎంత కానుక ఇచ్చిందో పైకి చదువుతారు. నాకది కాస్త ఇరుకుగా అనిపించింది, వాళ్ళకి అలవాటే.

తరవాత తోఓనఇ అనే మధ్యాహ్న భోజనానికి పిలిస్తే వెళ్ళాలి, ఖాళీ చేతులతో మాత్రం కాదు. చాప మీద కాళ్ళు ముందుకు చాపకూడదు. సాయంత్రం ఆరు ప్రాంతంలో ఇళ్ళల్లో ప్రార్థన జరిగేటప్పుడు వీధిలో తిరగకూడదు, కొన్ని ఊళ్ళలో ఆ రోజు సముద్రంలో దిగనివ్వరు. అంటే సమోవాలో చర్చికి వెళ్ళాలంటే రోజంతా దానికే రాసివ్వాలి.

లాలిబెలా సంగతేమిటని అడుగుతారు. ఇథియోపియాలో రాతిలో తొలిచిన ఆ పదకొండు చర్చిలకి సాటి లేదు, ఒప్పుకుంటా. కానీ 2023 నుంచి అది ఉన్న అమ్హారా ప్రాంతంలో పోరు నడుస్తోంది. ప్రయాణ హెచ్చరికలు చూడకుండా వెళ్ళమని ఎవరికీ చెప్పను.

ప్రసంగం అర్థం కావాలంటే ఇంగ్లండ్. పాట కోసమైతే సమోవా, అదీ అక్టోబరు రెండో ఆదివారం, ఆ రోజు పిల్లలదే రాజ్యం. చర్చి గడప ఎప్పుడూ తొక్కనివాళ్ళకి, కొత్తవాళ్ళ మధ్య బిడియపడేవాళ్ళకి నేను చెప్పేది మారమురెషే. నడుంనొప్పి ఉంటే మాత్రం కాస్త ముందే వెళ్ళి గోడవార కుర్చీ చూసుకోండి. ముసలమ్మలు వచ్చాక అది దొరకదు.