కుక్కను ఆరబెట్టే కోటు: కొండాపూర్ వానల్లో ఏళ్ల తరబడి వాడిన మీదట

బురదలో నడిచి వచ్చిన కుక్కను శుభ్రంగా, పొడిగా ఉంచడానికి బజారులో దొరికే వస్తువుల్లో మా ఇంట్లో చాలాకాలం నిలిచినది మైక్రోఫైబర్ కోటు. తువ్వాలులా నీటిని పీల్చే సన్నని పోగుల గుడ్డతో కుట్టిన ఈ కోటును వీపు మీద కప్పి, మెడ దగ్గరా పొట్ట కిందా వెల్క్రో పట్టీలతో బిగిస్తారు. సుమారు 1,500 రూపాయలకు కొన్న దీనిని 2022 వానాకాలం నుంచి మా లాబ్రడార్ బ్రూనోకూ, మల్లి అనే మా నాటు కుక్కకూ వాడుతున్నాను. ఇది కొనదగిన వస్తువే. అయితే దీనిని వాడే తీరు మన వాతావరణానికి తగినట్టు మార్చుకోవాలి.

ఇలాంటి కోటు బ్రిటన్ వంటి చలిదేశాల అవసరానికి సరిపోయేది. అక్కడ బురద శీతాకాలంలోనే ఎక్కువ కాబట్టి, తడిసిన కుక్కకు చలి సోకకుండా వెంటనే కోటు తొడిగి, ఇల్లు చేరేదాకా ఒంటిమీదే ఆరనిస్తారు. హైదరాబాద్‌లో చలికాలం దాదాపు పొడికాలం, ఆ రోజుల్లో పార్కు గడ్డిమీది మంచు తప్ప కుక్కను తడిపేది ఏమీ ఉండదు. మన బురద జూన్‌లో మొదలై సెప్టెంబరు దాకా, కొన్నేళ్లు అక్టోబరు దాకా సాగుతుంది. అప్పుడు చలి ఉండదు, గాలి నిండా తేమ ఉంటుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ప్రధానంగా రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అందువల్ల ఉక్కపోత రోజున తడిసిన కోటును గంటసేపు ఉంచితే కుక్క రొప్పుతూ అవస్థ పడుతుంది, లోపలి బొచ్చు కూడా ఆరదు. నేను ముందుగా పాత నూలు తువ్వాలుతో నీరంతా ఒత్తి తుడిచి, కోటు తొడిగి, పావుగంటకు తీసేసి, కుక్కను ఫ్యాను కింద పడుకోబెడతాను. ఈ క్రమంలో వాడినప్పుడు కోటు తన పని చక్కగా చేస్తుంది. బ్రూనో ఒళ్లు విదిలించినప్పుడు గోడలమీద బురద చుక్కలు పడకపోవడం మా అమ్మకు అన్నింటికన్నా నచ్చిన విషయం.

కొలత విషయంలో శ్రద్ధ అవసరం. మెడ పట్టీ ఉండే చోటు నుంచి తోక మొదలు దాకా పొడవునూ, ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతనూ కొలిచి కొనాలి. చాలా కోట్లు వీపును మాత్రమే కప్పుతాయి, కానీ బురద చేరేది పొట్ట కింద, తొడల లోపలి వైపున, చంకల్లో. పొట్ట కింద వెడల్పాటి గుడ్డ ఉన్న కోటు కాకపోతే డబ్బు వృథా అని నేను గట్టిగా చెప్పగలను.

ఆరబెట్టడం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఎండిన మట్టిని దువ్వెనతో దులిపేయవచ్చు, కానీ వేళ్ల సందుల్లో, చెవుల్లో, పొట్ట ముడతల్లో నిలిచిన తడి రోగానికి చోటిస్తుంది. మలసేజియా అనే ఈస్టు కుక్క చర్మంమీద సహజంగానే ఉంటుంది. తేమ నిలిచిన చోట అది పెరిగిపోయి దురద, పుల్లటి వాసన, ఎరుపు మొదలవుతాయి. లాబ్రడార్ వంటి జాతులకు పై బొచ్చు కింద దట్టమైన మరో పొర ఉండటం వల్ల పైన పొడిగా తగిలినా లోపల చెమ్మగానే ఉంటుంది. వేలికొనలతో బొచ్చును పాయలు తీసి చర్మం దాకా తాకి చూస్తేనే నిజం తెలుస్తుంది. మల్లికి ఈ బాధ లేదు, దాని పొట్టి బొచ్చు తువ్వాలుతో రెండుసార్లు తుడిస్తే ఆరిపోతుంది.

ఇక పాదాలు. కొండాపూర్ చుట్టుపక్కల ఎర్రమట్టి నీళ్లు పోస్తే తేలికగానే వదులుతుంది, నల్లరేగడి ఉన్న చోట మాత్రం వేళ్ల సందుల్లో ముద్దలు కడుతుంది. వీటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కట్టడాల దగ్గర రోడ్డుమీదికి పారే సిమెంటు నీరు. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, అది పాదాల చర్మాన్ని మండిస్తుంది, కుక్క ఆ పాదాన్నే నాకుతుంది. లోపల మెత్తని సిలికోన్ ముళ్లు ఉన్న పాదాలు కడిగే కప్పును కూడా కొన్నాను. చిన్న కుక్కలకు అది బాగుంటుందేమో గానీ, బ్రూనో పాదం అందులో ఇరుకుగా దూరుతుంది, రెండో పాదానికే నీళ్లు బురదగా మారతాయి. దానికన్నా వెడల్పాటి బేసిను, మగ్గు, గోరువెచ్చని నీరు మేలు. ఆ నీళ్లలో డెట్టాల్ వంటి ద్రావణాలు కలిపే అలవాటు మన ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి, కుక్క పాదాలు నాకినప్పుడు అది నోట్లోకి పోతుంది, చర్మాన్నీ మండిస్తుంది. మనుషుల సబ్బు కూడా వద్దు, కుక్క చర్మానికీ మన చర్మానికీ ఆమ్లగుణంలో తేడా ఉంటుంది. రోజువారీ బురదకు మంచినీళ్లే చాలు. తుడిచేటప్పుడు వేళ్ల మధ్య గోమార్లు కూడా ఉన్నాయేమో చూడాలి, కుక్కలకు వచ్చే టిక్ జ్వరం వాటి కాటు వల్లనే సోకుతుంది.

నాలాలు పొంగిన రోజున ఎంత కడిగినా నాకు నెమ్మది ఉండదు. ఎలుకల మూత్రం కలిసిన నిలవనీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కలకూ మనుషులకూ వస్తుంది. ఆ నీటిలోకి కుక్కను దింపకపోవడం, యేటా టీకా వేయించడం, కడిగే మనిషి చేతిమీద గాయం ఉంటే తొడుగు వేసుకోవడం తప్ప ఏ కోటూ ఇక్కడ పనికిరాదు.

కోటులో నాకు కనిపించిన పెద్ద లోపం దాన్ని ఆరబెట్టడమే. జూలై, ఆగస్టు ముసురులో బాల్కనీ తాడుమీద వేసిన కోటు మర్నాటి నడక వేళకు కూడా చెమ్మగానే ఉండి వాసన వేస్తుంది. అందుకే రెండో కోటు కొనవలసి వచ్చింది. మందపాటి టర్కీ తువ్వాలు గుడ్డతో కుట్టిన కోట్లు నీటిని బాగానే పీలుస్తాయి గానీ, మైక్రోఫైబర్ కన్నా ఆలస్యంగా ఆరతాయి. ఉతికే ముందు బొచ్చు దులపకపోతే వాషింగ్ మెషిన్ జాలీ మూసుకుపోతుంది. బట్టలను మెత్తబరిచే ద్రావణం వాడితే మైక్రోఫైబర్ పోగులమీద పొర ఏర్పడి నీటిని పీల్చే గుణం తగ్గుతుంది. గుడ్డ ఇప్పటికీ గట్టిగానే ఉంది. వెల్క్రో మాత్రం బొచ్చు చిక్కుకుని పట్టు కోల్పోవడంతో దర్జీ దగ్గర దాన్ని తీయించి బటన్లు కుట్టించాను.

రెయిన్‌కోటు వీపును కాపాడుతుంది గానీ, కిందినుంచి చిమ్మే బురదను ఆపదు. ఎడతెరిపి లేని వానలోనే తొడుగుతాను. బూట్లు మాకు అసలు కుదరలేదు, వాటిలోకి నీరు చేరితే పాదం మరింత నానుతుంది. ఎంతో ఉపయోగపడినది మా వాచ్‌మన్ సలహా ప్రకారం లిఫ్టు ముందు పరిచిన గోనె సంచి. దానిమీద కుక్కను నాలుగడుగులు నడిపిస్తే సగం మట్టి అక్కడే రాలిపోతుంది. సాయంత్రం సంచిని పైపు నీళ్లతో కడిగి గోడమీద ఆరేస్తే సరిపోతుంది.

పొట్టి బొచ్చు నాటు కుక్క ఉన్నవారికి ఈ కోటు అవసరం లేదు, మంచి తువ్వాళ్లు రెండుంటే చాలు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ పెంచేవారు మాత్రం వానలు మొదలయ్యేలోగా, మే నెలలోనే ఒక జత కొని, ఇంట్లో కుక్క పొడిగా ఉన్నప్పుడే కొద్దిసేపు తొడిగి అలవాటు చేయడం మంచిది. ఈసారి కొనేటప్పుడు నేను వెల్క్రోకు బదులు బకిల్ ఉన్నదే వెతుకుతాను.