కవరత్తిలో స్నానానికి ఒక్క బకెట్

లక్షద్వీప్‌కు ఎప్పుడు వెళ్లాలని అడిగితే అందరూ సముద్రం నెమ్మదించి ఉండే నెలలనే చెబుతారు. ఆ నెలలే అక్కడ నీటికి కటకటలాడే కాలమని, మార్చి నెలాఖరులో అగత్తిలో దిగాక గానీ మాకు తెలియలేదు. ఆ దీవుల్లో నది లేదు, వాగు లేదు, ఉన్నదంతా వాననీరే.

అగత్తిలో మా బస చూపులకు హంగుగానే ఉంది. గదిలో ఏసీ, స్నానాల గదిలో షవర్. అయితే షవర్ నీటికి సబ్బు నురగ పట్టలేదు, పెదవులు ఉప్పగా తగిలాయి. అడిగితే మోటారు మరమ్మతులో ఉందన్నారు. అసలు సంగతి వేరు. పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు, బరువైన సముద్రపు నీటిపై పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. ఎండాకాలంలో మోటారుతో అదే పనిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మాకు కోపం వచ్చేది కాదు.

పడవ ప్రయాణం గురించి చెప్పుకోవలసినంత లేదు, సమయానికి చేర్చారు. కవరత్తిలో మేము దిగిన ఇల్లు చిన్నది, ఫ్యాను గది. ఇంటాయన సామాను దించకముందే మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లి వాననీటి తొట్టి, బావి, తాగునీటి బిందె చూపించి, స్నానానికి మనిషికి ఒక్క బకెట్ అని చెప్పేశారు. బావిలో చేదను పూర్తిగా ముంచకుండా, పక్కకు వాల్చి పైనీటినే తేర్చి తోడటం ఆయన దగ్గరే చూశాను. నేను ప్రయత్నిస్తే ఖాళీ చేదే పైకి వచ్చింది.

బిందెలోని నీరు సముద్రం నుంచి తీసినది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో ఇక్కడ నెలకొల్పిన కేంద్రంలో, వెచ్చని ఉపరితల జలాన్ని గాలి పీడనం బాగా తగ్గించిన గదిలోకి పంపి ఆవిరి చేస్తారు. సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరుగా మారుస్తారు. దాని సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు. 2011 జనగణన నాటికే దీవిలో 11 వేలకు పైగా జనం ఉన్నారు కనుక, తలకు 9 లీటర్లు దాటదు. అంటే తాగడానికి, వంటకే సరి. రుచి చప్పగా ఉంటుంది, టీ మాత్రం చక్కగా కుదురుతుంది.

హంగులు కావలసినవారికి అగత్తి బస నచ్చవచ్చు గానీ, నేనైతే కవరత్తి ఇంటికే ఓటు వేస్తాను. వెళ్లేవారు రెండు జతల బట్టలు ఎక్కువ పెట్టుకోండి, ఉతికించుకునే వీలు మాకు ఎక్కడా దొరకలేదు. గది మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని కాక, వాననీటి తొట్టి ఉందా, అందులో ఇంకా నీరు ఉందా అని అడగండి. మేము మళ్లీ వెళ్తే వానలు వెనకపట్టిన కొత్తలో, తొట్లు నిండుగా ఉన్నప్పుడే వెళ్తాము.