ఓపీటీ క్లాక్ ఆపుతామనే కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి. నేను కట్టాను

మొన్న మా జూనియర్‌కి ఒక కన్సల్టెన్సీ నుంచి కాల్ వచ్చింది. "తమ్ముడూ, టెన్షన్ పడకు, నీ క్లాక్ మేం ఆపేస్తాం." 2023లో నాతో అన్నదీ అక్షరం పొల్లుపోకుండా ఇదే. అందుకే రాస్తున్నా. అమెరికాలో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఓపీటీలో (చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి) ఉన్నవాళ్లు, మొదలవబోయేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

అప్పటికి నాకు ఉద్యోగం లేకుండా 71 రోజులు. క్లాక్ అంటే ఈ ఖాళీ రోజుల లెక్కే. 12 నెలల ఓపీటీలో ఖాళీ 90 రోజులు దాటిందా, స్టేటస్‌కే (ఇక్కడ ఉండే అర్హతకే) ఎసరు. శని, ఆదివారాలూ లెక్కలోకే వస్తాయి. నిద్ర పట్టేది కాదు. "ట్రైనింగ్ ప్లస్ ఆఫర్ లెటర్" అన్నారు, 1,200 డాలర్లు జెల్ (బ్యాంకు నుంచి డబ్బు పంపే సర్వీసు) చేశాను. గంటలో పీడీఎఫ్ వచ్చింది. మొదటి పేజీలో నా పేరే, రెండో పేజీలో ఎవరో అమ్మాయి పేరు! అడిగితే "అయ్యో, టెంప్లేట్ తమ్ముడూ" అని నవ్వి ఇంకోటి పంపారు. అక్కడే ఆగాల్సింది. ఆగకపోగా, ఎస్ఈవీపీ పోర్టల్‌లో (ఓపీటీ వాళ్లు ఉద్యోగ వివరాలు ఎక్కించే ప్రభుత్వ సైట్) ఆ కంపెనీని ఎంప్లాయర్‌గా నా చేత్తో నేనే ఎక్కించాను.

ట్రైనింగ్ అంటే పాత రికార్డింగులు. రెజ్యూమెలో ఏడేళ్ల అనుభవం పెట్టమన్నారు, పెట్టలేదు. నాలుగున్నర నెలలు ప్రాజెక్టూ లేదు, జీతమూ లేదు. తర్వాత నా తిప్పలేవో నేను పడి మంచి కంపెనీలో చేరాను. స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలవాళ్లకి దొరికే పొడిగింపు) కూడా వాళ్ల దగ్గరే. పీడ వదిలిందనుకున్నా.

2025 లాటరీలో హెచ్1బీకి పేరొచ్చింది, పిటిషన్ వేశారు. వెనకే ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ నుంచి ఆర్ఎఫ్ఈ (ఇంకా ఆధారాలు అడిగే నోటీసు) దిగింది: ఓపీటీ మొదలైన నాటి నుంచి పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను లెక్క ఫారాలు), చేసిన పని వివరాలు చూపమని. ఆ నాలుగున్నర నెలలకి నా దగ్గరున్నవి ఆ పీడీఎఫ్‌లే. వాటి మీద ఉన్న అడ్రస్ మ్యాప్‌లో కొట్టి చూస్తే మెయిల్‌బాక్సులు అద్దెకిచ్చే షాపు.

ఆఫర్ లెటర్‌తో క్లాక్ ఆగదండీ. చదివిన సబ్జెక్టులో వారానికి కనీసం 20 గంటలు నిజంగా పని చేస్తేనే ఆగుతుంది. మొదటి 12 నెలల ఓపీటీలో జీతం లేని పనైనా చెల్లుతుంది, కార్మిక చట్టాలకి విరుద్ధం కాకపోతే చాలు. ప్రొఫెసర్ ల్యాబ్‌లో వాలంటీర్‌గా చేరి ఉండొచ్చు నేను. డీఎస్ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి) ఒక్క మెయిల్ పెట్టుంటే తెలిసేది. 1,200 డాలర్లు పెట్టడానికి తీరిక దొరికింది, మెయిల్ పెట్టడానికి దొరకలేదు.

స్టెమ్‌లో ఆ వెసులుబాటు లేదు. జీతం రావాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983లో (ట్రైనింగ్ ప్లాన్ ఫారం) సూపర్‌వైజర్‌గా పేరున్నాయన నిజంగానే మీ పని చూస్తుండాలి. ఆయన గొంతు కూడా మీరెప్పుడూ వినలేదంటే ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. కంపెనీ పేరు ఈ-వెరిఫై సైట్‌లో, యూఎస్‌సీఐఎస్ హెచ్1బీ డేటా హబ్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, పైసా ఖర్చు లేదు. హెచ్1బీ లాయర్ ఫీజు మీరే కట్టుకోండి అన్నారంటే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి. అది ఎంప్లాయర్ భరించాల్సిన ఖర్చు.

ఇప్పుడు దెబ్బ ఇంకా పెద్దది. 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు కదా, ఇక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ చెప్పింది. కానీ ఇలాంటి ఖాళీ వల్ల స్టేటస్ మార్పుకి అర్హత లేదని తేలితే ఆ మినహాయింపు దక్కదు. నా పిటిషన్ ఆ ప్రకటనకి ముందే పడింది కాబట్టి బతికిపోయాను. మా జూనియర్ పరిస్థితి అలా కాదు.

ఆర్ఎఫ్ఈ వచ్చాక ఆ కన్సల్టెన్సీకి పదకొండు సార్లు చేశాను. చివరికి ఎత్తి, "ఇంకో 500 ఇవ్వు తమ్ముడూ, పాత డేట్లతో పే స్టబ్‌లు చేసిచ్చేస్తాం" అన్నారు. ఫోన్ పెట్టేశాను. లాయర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను, జెల్ రసీదు, రెండు పీడీఎఫ్‌లూ ఇచ్చాను. జవాబు వెళ్లింది, నిర్ణయం ఇంకా రాలేదు.